ఎ గ్రూపులో ఒక ఖాళీ

"ఆట అయ్యేలోపల చెప్పండి, చాలు" అని చక్రపాణి గారు అన్నప్పుడు రఘునందన్ తల ఊపాడు. ఆ ఊపడంలో అవుననీ లేదు, కాదనీ లేదు. ఆలోచించి చెబుతానన్న పెద్దమనిషితనం మాత్రం ఉంది. మేడ్చల్ మందుల కంపెనీలో నాణ్యత చూసే అధికారిగా, బ్యాచి త్వరగా వదలమని ఎవరైనా తొందరపెట్టినప్పుడల్లా ఊపే తలే అది. చక్రపాణి గారు రైల్వేలో రిటైరై, జిల్లా బాలికల ఫుట్‌బాల్ లీగును ఒంటిచేత్తో లాగుకొస్తున్న మనిషి. ఆయన చెప్పింది చిన్న సంగతి. ఎ గ్రూపులోంచి ఒక జట్టు తప్పుకుంది. బి గ్రూపులో అందరికంటే పైన ఉన్నది మేడ్చల్ పిల్లలు కనుక ఆ ఖాళీ మొదట వాళ్లది. వద్దంటే నాగారం వాళ్లకు ఇచ్చేస్తారు. క్లబ్బుకు కార్యదర్శి రఘునందన్ కనుక అతని మాటే క్లబ్బు మాట. ఇది విన్నవాడు అతనొక్కడే. కోచ్ పర్వతాలు మైదానానికి అవతల, నల్ల కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, పిల్లల బూట్ల లేసులు చూస్తున్నాడు. తల్లిదండ్రులు నలుగురైదుగురు గోడనీడన ప్లాస్టిక్ కుర్చీలు సర్దుకుంటున్నారు. ఒక్క కేక వేస్తే అందరూ వచ్చేవారు. కేక గొంతుదాకా వచ్చింది కూడా, కానీ ఈలోగా విజిల్ మోగింది, బంతి కదిలింది, అతని కూతురు అనూహ్య రిబ్బను కట్టిన జడను వెనక్కి విసురుకుంటూ మైదానం నడిమధ్యకు పరుగెత్తింది, ఆట మొదలయ్యాక మాట్లాడటం మర్యాద కాదని అతను తనకు తాను చెప్పుకున్నాడు. కారణాలకు అతని దగ్గర ఎన్నడూ కరువు లేదు.

శామీర్‌పేట చెరువు మీదినుంచి వచ్చే గాలిలో మాఘమాసపు చలి ఇంకా మిగిలి ఉంది. రహదారిమీద కరీంనగర్ వైపు పోయే లారీలు, కొత్త రింగురోడ్డుకోసం పోసిన ఎర్రమట్టి గుట్టలు, ఆ గుట్టలమీద ఎక్కడానికి దారి వెతుక్కుంటున్న మేకలు. ఇది అద్దెకు తీసుకున్న బడి మైదానం, చదునుగా, గడ్డితో. తమ పిల్లలు నేర్చుకున్నది ఇలాంటి చోట కాదు. మేడ్చల్‌లో ఒక వెంచరు వాళ్లు పార్కుకని వదిలిన స్థలంలో, దాని చుట్టూ ఇంకా అమ్ముడుపోని ప్లాట్లలో, తెల్లరంగు పూసిన హద్దురాళ్ల మధ్య. రాయి తగిలి మోకాలు చిట్లని పిల్ల లేదు. అందుకే వీళ్లు పరిగెడుతూ పరిగెడుతూ ఉన్నట్టుండి పక్కకు తిరుగుతారు, అక్కడ రాయి లేకపోయినా తిరుగుతారు, ఎదుటి జట్టు తెల్లమొహం వేస్తుంది. రావల్కోల్ నుంచి వచ్చే అశ్రిత అయితే ఆ తిప్పుడులో మహా నేర్పరి. అశ్రిత ఈ రోజు రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కోవాలన్న ఆలోచన కంటే ముందు అతని ఛాతీలో ఏదో వదులైంది. ఆ వదులైనదాన్ని అతను గమనించాడు. గమనించడం అతని వృత్తి. గమనించినంత మాత్రాన దోషం పోదని కూడా ఆ వృత్తిలోనే తెలిసింది.

అనూహ్య బంతిని చూస్తూ ఆడుతుంది, అశ్రిత మైదానాన్ని చూస్తూ ఆడుతుంది. తేడా అంతా అక్కడే ఉందని తండ్రిగా కాక పరీక్షకుడిగా అతను ఎప్పుడో తేల్చుకున్నాడు. ఇద్దరికీ పదమూడేళ్లు, ఇద్దరిదీ నడిమధ్య ఆడే స్థానమే. బి గ్రూపులో ఇద్దర్నీ వంతులవారీగా ఆడించినా గెలుపుకు లోటుండదు. ఎ గ్రూపులో అలా కుదరదు. ఆ సంగతి పర్వతాలే చెప్పాడు, చౌరస్తాలో చాయ్ తాగుతూ, ఏ దురుద్దేశమూ లేకుండా: "ఎ ల ఆడ్తె నడిమిట్ల అశ్రితనే సార్. మన పాప జర ఆగాలె, బెంచి మీద కూసోని సూస్తె గదే వస్తది." అని, వెంటనే తన ఇరవయ్యో ఏట కలకత్తాకు సెలక్షన్‌కు పోయి రైలు ఆలస్యమై తప్పిపోయిన కథ ఎత్తుకున్నాడు. ఆ కథ క్లబ్బులో అందరికీ కంఠతా వచ్చు. రఘునందన్ వింటున్నట్టే ఉన్నాడు. చాయ్ అయిపోయేసరికి మాత్రం అతని బుర్రలో వాదం సిద్ధమైంది, మెట్టు మీద మెట్టుగా, ఎక్కడా సందు లేకుండా: పెద్ద జట్ల చేతిలో ఘోరంగా ఓడితే పసిమనసులు కుంగుతాయి, ఎ గ్రూపు మ్యాచులన్నీ ఊరికి ఆ చివర, ప్రయాణాలకే ఆదివారాలు కరిగిపోతాయి, పై ఏడు నుంచి చదువు బరువెక్కుతుంది, పునాది గట్టిపడ్డాకే అంతస్తు వేయాలి. ఒక్కటీ అబద్ధం కాదు. అదే ఇప్పుడు బాధ. అబద్ధాలైతే వెనక్కి తీసుకోవచ్చు.

ఆ వాదాన్ని, లీగు మొదలుకాకముందు ఏ గ్రూపులో చేరాలో తేల్చడానికి వెంచరు ఆఫీసులో జరిగిన మీటింగులో అతను లేచి నిలబడి వినిపించాడు. కాలనీల్లో ఉంటున్న కోస్తావాళ్లు కొందరు, చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చిన రైతు కుటుంబాలవాళ్లు కొందరు. మొదట రెండువైపులా మాటలు నడిచాయి. ఎవరో ఎ అన్నారు, ఎవరో పిల్లల పరీక్షలన్నారు, ఒకాయన అసలు క్రికెట్ నేర్పిద్దామన్నాడు. అప్పుడు అశ్రిత తండ్రి లక్ష్మణ్ అన్నాడు, నవ్వుతూనే: "గింత పరేషాన్ ఎందుకు సార్, పోచమ్మ గుడికాడ రెండు చీట్లేసి పసిపోరితోని ఒకటి తీపిద్దం. ఏదొస్తె గది." రఘునందన్ కూడా నవ్వాడు. తెనాలిలో చదువుకునే రోజుల్లో హేతువాద సంఘం మెట్లమీద కూర్చుని నేర్చుకున్న నవ్వు అది. ఎదుటివాణ్ని నొప్పించకుండా పక్కకు నెట్టేసే నవ్వు. పిల్లల భవిష్యత్తు చీటీలకు వదలకూడదని, తర్కించి తేల్చుకోవాలని చెప్పి, చాలాసేపు మాట్లాడి, చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. దాదాపు అందరివీ. లక్ష్మణ్‌ది కూడా. తర్కం గెలిచిందని అతను ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుంటే, భార్య జానకీదేవి పప్పు వడ్డిస్తూ, "పోనీలెండి, మన పిల్లకు ఆట దక్కింది" అంది. ఎంత మామూలుగా అందంటే, బస్సులో సీటు దొరికిందన్నంత మామూలుగా. "నేను దానికోసం మాట్లాడాననుకుంటున్నావా?" అని అతను కంచం ముందునుంచి లేచిపోయాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె కంచం మీద మూత పెట్టింది.

"నమస్తె సార్. ఎట్ల నడుస్తాంది ఆట?"

లక్ష్మణ్. రావల్కోల్‌లో పొలాలున్న మనిషి, ఈమధ్య ప్లాట్ల బేరాల్లోకి దిగాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు, చేతిలో పాలిథీన్ సంచి.

"మూడు సున్నా. మనమే."

"మంచిగైంది. గిది మీకిచ్చి పోదమని వచ్చిన." సంచి అతని కుర్చీ పక్కన పెట్టాడు. "అశ్రితది. జెర్సీ, బూట్లు. మా అమ్మ ఉతికి ఆరేసింది. ఇంకెవలన్న పోరికి పనికొస్తయి గద."

"అదేమిటండీ! ఎందుకని?"

"ఇగ రాదు సార్." లక్ష్మణ్ కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి పల్లికాయల పొట్లం తీసి ఇద్దరి మధ్యా విప్పాడు. "తప్పు నాదే. షురూల మా అమ్మ తోల్త లేకుండె. ఆడిపిల్ల నిక్కరేస్కొని ఉరుకుడేందిరా, ఊరోళ్లు నవ్వుతరు అన్నది. నేనేం జేసిన, పెద్ద లీగుల ఆడ్తది, పేపర్ల పేరొస్తదన్న. గట్లయితె నవ్వెటోళ్లను నే సూసుకుంట అన్నది. ఇప్పుడు బి అంటె ఏందిరా అని అడిగింది. చెప్పిన. కిందిది గదా అన్నది. కిందిదానికి ఊర్లె మాటలు వడుడెందుకు, గజ్వేల్ల మీ అక్క ఇంట్ల ఉండి సదువుకుంటది, బందు వెట్టు అన్నది. పరీక్షలైనంక తోల్తం."

"అశ్రిత ఏమంటోంది?"

"ఏమంటది? తినుడు బందు వెట్టింది. రెండు దినాలు. మూడోనాడు ఆకలైంది, తిన్నది." లక్ష్మణ్ నవ్వాడు, ఆ నవ్వు సగంలో ఆగి పల్లికాయ ఒలవడంలోకి జారిపోయింది. "అవ్వతోని మాట్లాడుత లేదు. అవ్వంటె పానం దానికి."

చెప్పు, ఇప్పుడు చెప్పు అనుకున్నాడు రఘునందన్. చక్రపాణి గారు అదిగో, నీళ్లట్యాంకు నీడలో, తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. ఒక వాక్యం చాలు. కానీ వాక్యం నోటికి రాకముందే దాని వెనక మరో వాక్యం నిలబడింది: ఒక జట్టు తప్పుకున్నదంటే ఆ గ్రూపులో ఏదో ఇబ్బంది ఉండి ఉండాలి. దాని వెనక ఇంకొకటి: తల్లిదండ్రులంతా కలిసి తీసుకున్న నిర్ణయాన్ని కార్యదర్శి ఒక్కడే తిరగదోడటం పద్ధతేనా? దాని వెనక ఇంకొకటి. వరసగా, క్రమశిక్షణగా, రేషను షాపు ముందు సంచులు పట్టుకున్న జనంలా వచ్చి నిలబడ్డాయి కారణాలు. ఒక్క కారణమూ తనకోసం వచ్చానని చెప్పదు. లేబొరేటరీలో అతను కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు చెప్పేది ఒకటే: నమూనా తీసేవాడికి ఫలితం ఏదైనా ఒకటే కావాలి, ఏది రావాలో మనసులో ఉన్నవాడు సీసా ముట్టుకోకూడదు. మరి ఆ రోజు తను సీసా ముట్టుకున్నాడు. ముట్టుకోవడమేమిటి, కలిపాడు, కలిపి అందరిచేతా తాగించాడు.

హాఫ్ టైమ్ విజిల్. అనూహ్య ఎగురుకుంటూ వచ్చింది, చెంపలు ఎర్రబారి, చెమటకు జుట్టు నుదుట అంటుకుని. "నాన్నా, చూశావా? ఎడంకాలితో! ఎడంకాలితో కొట్టాను!"

చూడలేదు. నాలుగో గోల్ ఎప్పుడు పడిందో అతనికి తెలియదు. "చూశానమ్మా."

"ఏం గొట్టినవ్ బిడ్డా, మస్తు!" అన్నాడు లక్ష్మణ్. అతను నిజంగానే చూశాడు.

"అంకుల్, అశ్రిత ఏదీ? జ్వరమా?"

లక్ష్మణ్ ఒక్కక్షణం సంచి వైపు చూసి, కాలితో దాన్ని కుర్చీ కిందికి నెట్టాడు. "ఆఁ, జర సుస్తి."

"అది ఉంటే ఇంకో నాలుగు పడేవి. రేపు రమ్మనండి అంకుల్, ఆ తిప్పుడు నాకు నేర్పుతానని ఒట్టు వేసింది." నీళ్లు సగం తాగి సగం నెత్తిన పోసుకుని మళ్లీ వెళ్లిపోయింది. వెళుతూ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆ చెయ్యి ఊపడంలో ఏ లెక్కా లేదు. ఆ పిల్లకోసం అతను చేసిన పని ఆ పిల్లకు తెలియదు. తెలిస్తే ఆ గోల్‌కు ఏ రంగు పట్టేదో అతను ఊహించబోయి మానుకున్నాడు.

బెంచి అంటే ఏమిటో అతనికి తెలుసు గనుకనే ఇదంతా. తెనాలి కాలేజీలో, క్రికెట్ జట్టులో పన్నెండో మనిషి. తెల్లబట్టలు ఉతికించుకుని, ఇస్త్రీ చేయించుకుని, గళ్ల రుమాలు మెడకు చుట్టుకుని వెళ్లేవాడు. నిమ్మరసం గ్లాసులు మైదానంలోకి తీసుకుపోయేటప్పుడు చెట్టుకింద ఆడపిల్లలు నవ్వేవారు. బహుశా వేరే దేనికో నవ్వేవారేమో, ఇన్నేళ్లకు అలా తోస్తున్నది. బట్టలు మాయకుండానే ఇంటికి వస్తే తల్లి సంతోషించేది, సబ్బు మిగిలిందని. మూడేళ్లలో ఒక్కసారి ఫీల్డింగుకు పిలిచారు, బంతి అతని వైపు రాలేదు. ఆ మాయని బట్టలను అతను ఇప్పటికీ ఎక్కడో వేసుకునే తిరుగుతున్నాడు. అనూహ్య వాటిని వేసుకోకూడదనుకున్నాడు. అది ప్రేమే, కాదనడానికి లేదు. కానీ ఆ బట్టలు ఎవరో ఒకరికి తొడగక తప్పదని తెలిసినప్పుడు, తన పిల్లకు కాకుండా పక్కపిల్లకు తొడిగాడు. అదీ బెంచి మీద కూర్చునే గౌరవం కూడా దక్కకుండా, ఊరినుంచే పంపించేంత దూరం. ఆ దూరం అతను కోరలేదు. కోరలేదు కనుక బాధ్యుణ్ని కానని అనవచ్చా? అనవచ్చు. తర్కం అందుకు ఒప్పుకుంటుంది. తర్కం ఈమధ్య అతను ఏది అడిగినా ఒప్పుకుంటున్నది, ముడుపు తీసుకున్న పూజారిలా. ఒకప్పుడు అతను పూజారుల గురించే ఈ మాట అనేవాడు.

"లక్ష్మణ్ గారూ," అన్నాడు రఘునందన్. "ఆ రోజు మీరు కూడా బి కే చెయ్యెత్తారు కదా?"

"ఎత్తిన సార్."

"మీకు ఎ కావాలని ఉంది. అయినా ఎందుకెత్తారు?"

లక్ష్మణ్ ఆశ్చర్యంగా చూశాడు, ఇది కూడా అడగాలా అన్నట్టు. "మీరు నిలవడి అంత సేపు మాట్లాడితిరి. ఇంత సదువుకున్న మనిషి, మా పిల్లల కోసమని గొంతెండంగ చెప్పె. ఇగ చేతులెత్తుండ్రి అంటె, దించుకొని కూసుంటె మీ ఇజ్జత్ ఏమైతది? అందరం అట్లనే ఎత్తినం. మీ దిక్కు గట్ల గాదా?"

"మావైపు ఒప్పుకునే మాటైనా సరే, ముందు కాదని లేస్తారు."

"అరె! గా ముచ్చట ముందుగాల చెప్తె అయిపోవు గద సార్!" లక్ష్మణ్ తొడ చరిచి నవ్వాడు. పక్క కుర్చీలవాళ్లు తిరిగి చూశారు. రఘునందన్ కూడా నవ్వబోయాడు, పెదవులు కదిలాయి. ఆ రోజు తను అభిప్రాయాలని లెక్కపెట్టుకున్నవి అభిప్రాయాలు కావు, మర్యాదలు. పాతికేళ్లుగా కొలతలే బతుకైన మనిషి ఆ గదిలో కొలవాల్సినదాన్ని వదిలేసి మరొకదాన్ని కొలిచాడు. పోచమ్మ ముందు చీటీ వేసి ఉంటే అశ్రితకు సగానికి సగం అవకాశం ఉండేది. అతని తర్కం ముందు ఆ పిల్లకు అదీ లేకపోయింది.

ఆట చివరికి వస్తున్నది. ఎదుటి జట్టు పిల్లలు అలసి నడుస్తున్నారు, వాళ్ల గోల్ కీపరు చేతి తొడుగులు సర్దుకుంటూ ఏడుపు ఆపుకుంటున్నది, పర్వతాలు అవసరం లేకపోయినా "దబాయించు! దబాయించు!" అని అరుస్తున్నాడు. అనూహ్య బంతిని అందుకుని, రాయి లేని చోట తిరగబోయి, తడబడి, బంతి వదిలేసి, తనమీద తనే నవ్వుకున్నది. ఆడుతున్నందుకు నవ్వుతున్న నవ్వు. ఇప్పుడు తను చేయబోయేది ఆ నవ్వును తీసుకోవడమే. ఆ రోజు చేసింది ఇంకొక పిల్ల నవ్వును తీసుకోవడం. ఎవరిదీ తీసుకోకుండా ఉండే దారి ఏదైనా ఉందేమోనని చివరి నిమిషం దాకా అతని బుర్ర వెతికింది, మంచి బుర్ర, చాలా పుస్తకాలు చదివిన బుర్ర. ఏమీ దొరకలేదు. విజిల్ మోగింది.

చక్రపాణి గారు తువ్వాలు దులుపుకుంటూ వచ్చారు. "ఏమండీ, ఏమంటారు? మీ జవాబు కోసం గంట నుంచి అక్కడ కూర్చున్నాను."

"వస్తామండీ" అన్నాడు రఘునందన్. "ఎ గ్రూపులో ఆ ఖాళీకి మేమే వస్తాం." ఎవర్నీ అడగలేదు. ఆ రోజు నిర్ణయానికి పద్ధతి ఉంది, నిజాయితీ లేదు. ఈ రోజు దీనికి పద్ధతి లేదు, నిజాయితీ కూడా సగమే.

లక్ష్మణ్ లేచి నిలబడ్డాడు. 'గంట నుంచి' అన్న మాట అతను విన్నాడు, వినకుండా ఉండటానికి వీల్లేదు, అంత దగ్గరగా ఉన్నాడు. అతని కళ్లు చక్రపాణి గారి మీదినుంచి రఘునందన్ మీదికి వచ్చి, అక్కడ ఒక్కక్షణం నిలిచి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి. మరుక్షణం జేబులోంచి ఫోను తీసి అరుస్తున్నాడు: "అమ్మా! ఇను. గజ్వేల్ లేదు గిజ్వేల్ లేదు. పెద్దదాంట్లనే ఆడ్తది. అవునే, సార్ కొట్లాడి తెచ్చిండు!" చెయ్యెత్తిన మర్యాదే మళ్లీ. లక్ష్మణ్ గ్రహించాడా లేదా అన్నది ఇక ఎప్పటికీ తెలియదని రఘునందన్‌కు అర్థమైంది. అడిగితే లక్ష్మణ్ నవ్వుతాడు, పల్లికాయలు ముందుకు జరుపుతాడు. 'నేను కొట్లాడలేదు' అనడానికి నోరు తెరిచాడు. ఫోను అతని చెవి దగ్గరికి వచ్చేసింది. "మాట్లాడుండ్రి సార్, మా అమ్మ అడుగుతాంది."

"ఎవలు, సారేనా?" అన్నది బుచ్చమ్మ. ఫోనంటే గట్టిగా మాట్లాడాలనుకునే గొంతు. "సల్లగుండు బిడ్డా. నీ కడుపు సల్లగుండ. పోరి నాతోని మాట్లాడక ఎన్నొద్దులాయె. ఇయ్యాల మాట్లాడ్తది." దీవెనలను అతను నమ్మడు. నమ్మనివాడికి కూడా అవి తగులుతాయని అతనికి ఇంతవరకు తెలియదు. "మరి నీ బిడ్డ సుత ఉన్నదంట గదా గా జట్టుల? ఇద్దరు కలిసే ఆడ్తరా?"

"ఆడదమ్మా" అన్నాడు. మొదటిసారి పైకి వచ్చిన మాట కనుక స్పష్టంగా, మీటింగులో మాట్లాడినంత గట్టిగా వచ్చింది. "అశ్రిత ఆడే చోటే మా అమ్మాయిది కూడా. పై గ్రూపులో అక్కడ ఒక్కరికే వీలవుతుంది. అశ్రిత బాగా ఆడుతుంది. మా అమ్మాయి బయట కూర్చుంటుంది."

అవతల ఆ ఊరి ఇంటి కోళ్లో, కుండలు సర్దుతున్న చప్పుడో వినిపించింది.

"అయ్యో" అన్నది బుచ్చమ్మ, గొంతు తగ్గించి. "పిల్లకు చెప్పినవా మరి?"

రఘునందన్ కిందికి చూశాడు. అనూహ్య ఎప్పుడు వచ్చిందో, అతని కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, ఒక కాలి మేజోడు విప్పేసి, రెండోది మడమదాకా దించి ఆగిపోయి ఉంది. ముఖం పైకెత్తి అతన్నే చూస్తున్నది. ఫోనులో బుచ్చమ్మ "బిడ్డా, ఉన్నవా?" అని పిలుస్తూనే ఉంది.